పళ్ళెం తిరుగుతుంది సరే, పెట్టె ఏది?

జగిత్యాల దిక్కు మా సారంగాపూర్ నుంచి పోయి హైదరాబాదులో కొలువులు చేస్తున్న పిల్లలకు ఈ మధ్య కొత్త షోకు పట్టింది. నల్ల రికార్డుల షోకు. జేబులో ఫోను ఉంటే లోకంలోని పాటలన్నీ వినే సౌలతు ఉండగా, అటు ఐదు ఇటు ఐదు పాటలున్న ఒక్క రికార్డుకు వేల రూపాయలు పోస్తున్నారు. అందుకు నాకేం బాధ లేదు. సగం బతుకు రికార్డులు తిప్పి పొట్ట పోసుకున్నవాణ్ణి, ఆ మాట విని సంబురపడ్డాను. నా కడుపుమంట వేరే. టర్న్‌టేబుల్ కొంటారు, పక్కన పూలకుండీ పెట్టి ఫొటో తీస్తారు, చుట్టపక్కాలందరికీ పంపుతారు. పాట మాత్రం అరచేతిలో ఇమిడే బ్లూటూత్ డబ్బాలో వింటారు.

మా మనుమడూ అంతే. మొన్న ఫోన్ చేసి, "తాతా, టర్న్‌టేబుల్ తీసుకున్న. ఇగ స్పీకర్లు ఏవి కొనాలె? రిసీవర్ గూడ కావాల్నా?" అన్నాడు.

"దానికెంత పెట్టినవ్‌రా?"

"పదిహేను వేల చిల్లర."

"మరి పెట్టెలకెంత ఉంచినవ్?"

"మూడు వేలున్నయి తాతా. సరిపోవా?"

సరిపోవు. మూడు వేలకు మోత వస్తుంది గానీ పాట రాదు. ఆ మాట అంటే "నీకన్నీ పాత లెక్కలే" అని నవ్వాడు. పాత లెక్కలే. అవేమిటో చెప్తాను, తప్పెక్కడుందో చూపించమనండి.

మా రోజుల్లో ఊళ్ళో పెండ్లి కుదిరితే మైక్ సెట్టు కిరాయికి మాట్లాడటానికి వచ్చినవాళ్ళు మొట్టమొదట అడిగే మాట, "ఎన్ని హారన్లు తెస్తవ్?" రికార్డు తిరిగే మిషను గరార్డుదా, ఫిలిప్స్‌దా అన్నది ఎవరికీ పట్టేది కాదు. రెండు హారన్లకు ఒక రేటు, నాలుగింటికి ఒక రేటు. వినపడే వస్తువుకే పైసలిచ్చేవాళ్ళు. ఇప్పుడు చూడండి, కనపడే వస్తువుకు పైసలు పెట్టి, వినపడే వస్తువుకు చిల్లర ఏరుకుంటున్నారు.

మైక్ సెట్టంటే ఇప్పటివాళ్ళకు డీజే బండే యాదికొస్తుంది. అది కాదు. అహుజా ఆంప్లిఫయరు ఒకటి, కరెంటు లేకపోయినా పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడిచేది. రికార్డు ప్లేయరు ఒకటి. చెక్కపెట్టెలో రికార్డులు, ఒకదానికొకటి రాసుకోకుండా నడుమ నడుమ పాత ధోవతి గుడ్డలు. రేకు హారన్లు రెండో నాలుగో. మైకు. ఇవన్నీ ఎడ్లబండిలో గడ్డి పరిచి పెట్టుకొని రేచపల్లికో, పెంబట్లకో మబ్బుల్నే బయలుదేరేవాళ్ళం. దిగంగనే పెండ్లింటి పెద్ద చాయ్ తాగమనేవాడు. ముందు చెట్టు చూపించమనేవాళ్ళం. చింతచెట్టు దొరికితే అదృష్టం. హారన్ ఎంత ఎత్తున ఉంటే అంత దూరం పోతుంది, దాని మూతి ఎటు తిప్పితే పాట అటే పోతుంది. వియ్యంకుల ఊరి దిక్కు ఒకటి, సొంత ఊరి దిక్కు ఒకటి. స్పీకరు ఎక్కడ పెట్టాలన్నది తేలినాకే మిగతా సంగతి.

శివరాత్రికి పెంబట్ల కోనాపూర్ దుబ్బరాజన్న జాతరలో అయితే దుకాణానికో హారన్. అన్ని మోతల్లోనూ జనం ఒకచోట మూగారంటే అక్కడ "ముత్యాల ముగ్గు" మాటల రికార్డో, "దాన వీర శూర కర్ణ" మాటల రికార్డో తిరుగుతున్నట్టు. మొదటి సినిమా 1975లో వచ్చింది, రెండోది 1977లో. పాటలకంటే మాటలకే గిరాకీ ఎక్కువ. మాట తెలియాలంటే పెట్టె మంచిదై ఉండాలి. గుడగుడమనే పెట్టెలో "ముత్యాల ముగ్గు" రావుగోపాలరావు విరుపు ఏం తెలుస్తుంది?

ఇప్పుడు అసలు లెక్కకొస్తాను. మా ఆంప్లిఫయరు వెనక పలకకు వరుసగా మరలుండేవి. నాలుగు ఓములు, ఎనిమిది, పదహారు, చివరన నూరు వోల్టులు. హారన్ యూనిట్లు పదహారు ఓములవి. రెండు యూనిట్లను పక్కపక్కన కలిపితే ఎనిమిది ఓములైతుంది, ఆ తీగను ఎనిమిది మర కిందనే బిగించాలి. నాలుగు యూనిట్లు కలిపితే నాలుగు మర. కుర్రవాడెవడైనా తొందరలో నాలుగు యూనిట్ల తీగ తెచ్చి పదహారు కింద బిగించాడంటే, కాసేపటికి ఆంప్లిఫయరు మీద చెయ్యి పెట్టనియ్యదు, ఆ తర్వాత కాలిన వాసన. జగిత్యాలలో మాకు పని నేర్పిన మెకానిక్ ఈ ఒక్క లెక్క తప్పితే వైరుతోనే కొట్టేవాడు.

ఆ లెక్క ఈనాటికీ మారలేదు. రిసీవరు వెనక స్పీకరు తీగలు బిగించే చోట "6 నుంచి 16 ఓములు" అన్నట్టు అచ్చు కొట్టి ఉంటుంది. స్పీకరు వెనక దాని ఓములు రాసి ఉంటాయి. నాలుగు ఓముల పెట్టెను ఆరు కనీసమన్న రిసీవరుకు తగిలించి వాల్యూము పెంచితే అది వేడెక్కి ఆగిపోతుంది, లేకుంటే పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎనిమిది ఓముల పెట్టెలు తీసుకుంటే ఏ రిసీవరుతోనూ పేచీ ఉండదు. ఈ రెండు అంకెలు చూడటానికి అర నిమిషం పట్టదు. మా మనుమణ్ణి అడిగితే, "ఓములా? గవన్నీ ఎవలు చూస్తరు తాతా" అన్నాడు. రంగు చూశాడట. వాల్‌నట్ రంగు.

వాట్ల పిచ్చి ఇంకొకటి. తొంభైల్లో జగిత్యాల, కోరుట్ల దుకాణాల్లో టేప్‌రికార్డర్ల మీద "2000 వాట్స్ పీఎంపీఓ" అని బంగారు రంగు స్టిక్కర్లు అంటించి అమ్మేవాళ్ళు. అప్పట్లో మన గోడకున్న చిన్న సాకెట్టు ఐదు ఆంపియర్లది. రెండు వందల ముప్పై వోల్టులతో హెచ్చవేస్తే పదకొండు వందల యాభై వాట్లు. అంతకు మించి అందులోంచి తీయరాదు. మరి రెండు వేల వాట్ల పాట ఎక్కడి నుంచి ఊడిపడింది? కంటిరెప్ప పాటు కూడా నిలవని ఒక్క మోతను ఊహించి రాసుకున్న అంకె అది. చూడవలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగల నిజమైన వాట్లు. రెండు వేలని రాసిన ఆ డబ్బాలు చాలావాటిలో ఆ లెక్క పదీ ఇరవై దాటేది కాదు.

మరి ముప్పై వాట్ల అహుజా పాట రెండూళ్ళకు ఎట్లా వినిపించేదంటారా? హారన్ మహిమ. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో నూరు డెసిబెళ్ళు దాటి మోగుతుంది. ఇంట్లో పెట్టుకునే చిన్న స్పీకరు అదే వాటుకు ఎనభై ఐదు, ఎనభై ఎనిమిది డెసిబెళ్ళిస్తుంది. తేడా ఇరవై డెసిబెళ్ళు అనుకోండి, అంటే నూరు రెట్లు. ఇంటి పెట్టెకు నూరు వాట్లు పోస్తే గానీ హారన్ ఒక్క వాటుకు అరిచినంత అరవదు. అందుకని హారన్ గొప్పదని కాదు. అది ఊరికి చెప్పడానికి పుట్టింది. డోలు దెబ్బ, మృదంగం గాంభీర్యం అందులో ఉండవు, మూడొంతుల పాట గాలిలోనే పోతుంది. ఆ సంగతి మాకూ ఎరుకే. ఊరికి హారన్, ఇంటికి పెట్టె. ఏ చోటికి ఏది కావాలో తెలిసి పెట్టేవాళ్ళం.

స్పీకరు కాగితంలో ఈ డెసిబెళ్ళ అంకె రాసి ఉంటుంది. మూడు డెసిబెళ్ళు ఎక్కువున్న పెట్టెకు సగం వాట్లు చాలు. పన్నెండడుగుల అర్రలో, ఏడెనిమిది అడుగుల దూరంలో కూర్చుని వినేవాళ్ళకు నిజానికి రెండు మూడు వాట్లకంటే ఎక్కువ ఖర్చు కాదు. ఇరవై ముప్పై నిజమైన వాట్లున్న ఆంప్లిఫయరు దండి. నూరు వాట్లని ఎగబడేవాళ్ళు ఎవరికి వినిపించాలనుకుంటున్నారో నాకు తెలియదు. సిరిసిల్లలో నలభై సాంచెలు, అదే మరమగ్గాలు, ఆడే షెడ్డులో పాట వినాలంటే అది వేరే సంగతి. ఆ మోతలోనూ మా దోస్తు ఒకాయన రేడియో పెట్టుకుని నేసేవాడు, ఏం వినపడేదో ఆయనకే తెలియాలి.

ఇక రిసీవర్ మాట. ఇది కొత్త వస్తువని పిల్లలనుకుంటున్నారు. రిసీవరంటే రేడియో, ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో ఉండటం, అంతే. మా పెద్దబాపు ఇంట్లో మర్ఫీ వాల్వు రేడియో ఉండేది. స్విచ్చు వేస్తే వాల్వులు వేడెక్కి గొంతు లేచేదాకా ఆగాలి. దాని మీదనే రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేస్తుంటే వినేవాళ్ళం. ఆ రేడియో వెనక "పికప్" అని రెండు రంధ్రాలుండేవి. చాలామంది అవి ఎందుకో తెలియక ఊరుకునేవాళ్ళు. రికార్డు ప్లేయరు తీగ అందులో గుచ్చితే చాలు, రేడియోలో ఉన్న ఆంప్లిఫయరు, టేకుచెక్క పెట్టె, జాలీగుడ్డ వెనకాల ఉన్న పెద్ద కాగితపు స్పీకరు అన్నీ రికార్డుకు పనిచేసేవి. విడిగా ఏదీ కొనే పని లేదు. అదే మా రిసీవరు. ఘంటసాల భగవద్గీత రికార్డును మా ఇంట్లోవాళ్ళు మొదట విన్నది ఆ రేడియో పెట్టెలోనే. ఆయన 1974 ఫిబ్రవరిలో పోయారు, రికార్డు ఆయన పోయినాక వచ్చింది. బజారంతా అరుగుల మీద కూర్చుని విన్నది.

అప్పుడు అంత సులువుగా ఎట్లా కుదిరిందో, ఇప్పుడెందుకు కుదరదో చెప్పాలి. అప్పటి ప్లేయర్లలో ముల్లు పట్టుకునే కార్ట్రిడ్జి క్రిస్టల్‌దో, సిరామిక్‌దో. అది వందల మిల్లీవోల్టులిచ్చేది, రేడియోకు సరిపోయేది. ఇప్పటి మంచి టర్న్‌టేబుళ్ళలో అయస్కాంతం కార్ట్రిడ్జి ఉంటుంది. ముల్లు మెత్తగా నడుస్తుంది, రికార్డు అంతగా అరగదు, పాట శుభ్రం. ఒప్పుకుంటాను. కానీ అది ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే. రిసీవరులో సీడీ కోసమో టీవీ కోసమో ఉన్న రంధ్రానికి అందుకు నలభై రెట్లు కావాలి. నేరుగా గుచ్చితే వాల్యూము చివరిదాకా తిప్పినా ఎక్కడో బావిలోంచి పాడినట్టు వినపడుతుంది.

అదొక్కటే అయితే పెంచుకుంటే పోయేది. ఇంకో మెలిక ఉంది. రికార్డు కోసేటప్పుడే మంద్ర శబ్దాన్ని తగ్గించి, సన్న శబ్దాన్ని హెచ్చించి కోస్తారు. మంద్రాన్ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ ఊగి పక్క గాడిలో పడుతుంది, ఒక పక్కన ఇరవై నిమిషాల పాట పట్టదు. సన్న శబ్దం హెచ్చించేది గాడి చేసే గరగరను అణచడానికి. వాయించేటప్పుడు ఈ రెంటినీ మళ్ళీ తలకిందులు చేయాలి. ఏ శబ్దాన్ని ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఒక్క పద్ధతికి తెచ్చింది. దాని పేరే ఆర్ఐఏఏ. ఆ పని చేసే భాగం ఫోనో ప్రీయాంప్. అది లేకుండా వింటే గొంతు రేకులా ఉంటుంది, తబలా మాయమవుతుంది.

కాబట్టి చూడవలసింది ఒకటే. ఫోనో ప్రీయాంప్ ఎక్కడో ఒకచోట ఉండాలి, ఒకేచోట ఉండాలి. రిసీవరు వెనక "ఫోనో" అని రాసిన రంధ్రాల జత ఉంటే అందులో ఉన్నట్టు. టర్న్‌టేబుల్‌లోనే ఉంటే చాలామటుకు దానికో చిన్న స్విచ్చు ఉంటుంది, ఒక దిక్కు ఫోనో, ఒక దిక్కు లైన్. మా మనుమడు కొన్న ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్‌లో ఆ స్విచ్చుంది. లైన్ దిక్కు పెట్టి మామూలు రంధ్రంలో గుచ్చితే చాలు. లైన్ దిక్కు పెట్టి ఫోనో రంధ్రంలో గుచ్చారో, రెండు ప్రీయాంపులు ఒకదాని మీద ఒకటి ఎక్కి పాట పగిలిపోతుంది. ఇది తెలియక "రికార్డే బాగలేదు" అని దుకాణం మీద లడాయికి పోయినవాళ్ళున్నారు. ఇప్పటి సినిమాల రిసీవర్లు, ఐదు పెట్టెలకు ఒక వూఫరు ఉండేవి, చాలావాటిలో ఫోనో రంధ్రం లేనే లేదు. కొనే ముందు వెనక తిప్పి చూపించమనండి. ముందు చూసి కొనేవాళ్ళే ఎక్కువ.

"అయితే నాకు రిసీవర్ అక్కర్లేదా?" అన్నాడు వాడు. అక్కర్లేదు. ఒక్క అర్రలో ఒక్క మనిషి వినేదానికి ఆంప్లిఫయరు కడుపులోనే ఉన్న స్పీకర్ల జత చాలు. యాక్టివ్ స్పీకర్లంటారు. ఎడిఫయర్ లాంటి కంపెనీలు నాలుగు అంగుళాల కోన్‌తో అట్లాంటి జతలు చేస్తున్నాయి. ఒక పెట్టెలో ఆంప్లిఫయరు, అందులోంచి తీగ రెండో పెట్టెకు. టర్న్‌టేబుల్ తీగ వెనక గుచ్చు, కరెంటు పెట్టు, అయిపోయింది. ఇది మాత్రం మా రోజుల్లో లేదు, ఉంటే మా వీపులు ఇంకొంచెం నిటారుగా ఉండేవి. రేపు పెద్ద ఇల్లు కట్టుకుని, మంచి పెట్టెలు కావాలని, రేడియో కూడా కావాలని, ఒక్కొక్కటి మార్చుకుంటూ పోవాలని ఉంటే అప్పుడు రిసీవరు, విడి స్పీకర్లు. కలకత్తా సోనోడైన్ వాళ్ళు 1970 నుంచి ఈ పనిలో ఉన్నారు, వాళ్ళ పెట్టెలూ వినదగినవే.

సూట్‌కేసు ప్లేయర్ల మాట అడగకండి. మూత తెరిస్తే లోపలే రెండు అగ్గిపెట్టెలంత స్పీకర్లు. ఆ స్పీకరు కొట్టే దెబ్బ అదే పెట్టెలో ఉన్న ముల్లుకు తగులుతుంది. పైగా కొన్నింటిలో ముల్లు ఐదు గ్రాములకు మించి బరువు పెట్టి రికార్డును గీకుతుంది. మేం కూడా ఎచ్ఎంవీ ఫియస్టా అని మూత పెట్టుకుని మోసుకుపోయే ప్లేయరు చూశాం, దాని ముందు కూర్చుని పాటలూ విన్నాం. అది పొలం కాడికి తీసుకుపోవడానికి. ఇంట్లో అదే చాలని ఎవరూ అనలేదు.

ముల్లు బరువులో మాత్రం ఇప్పటిదే మేలు. చావి తిప్పే గ్రామఫోను సౌండ్‌బాక్సు నూరు గ్రాములు దాటి రికార్డు మీద కూర్చునేది. ఉక్కు సూది ఒక పక్క వాయించగానే మార్చాలి. మార్చని పిసినారి ఇంటి రికార్డులు చూడగానే గుర్తుపట్టేవాళ్ళం, తెల్లగా అరిగి ఉండేవి. ఇప్పటి కార్ట్రిడ్జి రెండు మూడు గ్రాములు. వజ్రపు ముల్లు వందల గంటలు వస్తుంది. కానీ ఒక ముచ్చట. ఆ లక్క రికార్డులను, నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగేవాటిని, ఈ కొత్త మిషన్లు చాలామటుకు వాయించవు. మనుమడి మిషనులో ముప్పై మూడున్నూ నలభై ఐదున్నూ మాత్రమే. పైగా లక్క రికార్డు గాడి వెడల్పు, దానికి వేరే ముల్లు కావాలి. ప్రపంచమంతా తిరిగిన ఆ రికార్డులకు లక్క ఎక్కువగా పోయింది మన దేశం నుంచే. ఇప్పుడు మన ఇంట్లో ఉన్న లక్క రికార్డుకు మన ఇంట్లో మిషను లేదు.

పెట్టెలు తెచ్చినాక ఎక్కడ పెట్టాలో కూడా ఎవరూ ఆలోచించడం లేదు. ఒకే బల్ల మీద నడుమ టర్న్‌టేబుల్, రెండు పక్కలా ఆనించి స్పీకర్లు. ఫొటోకు బాగుంటుంది. మైకు ముందు హారన్ తిప్పితే కూత పెట్టేది మీకు తెలుసు కదా, ఇక్కడా అదే. స్పీకరు అదురు బల్లలోంచి పళ్ళేనికి, పళ్ళెం నుంచి ముల్లుకు, ముల్లు నుంచి మళ్ళీ స్పీకరుకు. పెద్ద కూత రాకపోయినా మంద్ర శబ్దమంతా బురదబురదగా అయిపోతుంది. రికార్డు తిరగకుండా ఆపి, ముల్లు దానిమీద దించి, వాల్యూము మామూలుగా వినేంత పెట్టి బల్లను వేలితో మెల్లగా కొట్టి చూడండి. స్పీకరులో దబదబ వినపడితే పెట్టెలను ఆ బల్ల మీద నుంచి దించాల్సిందే. స్టాండు కొనలేకపోతే రెండు స్టూళ్ళు చాలు. టర్న్‌టేబుల్‌ను గోడకు కొట్టిన బండ మీద పెడితే ఇంకా నయం.

ఇంటి సంగతీ ఉంది. మా గూనపెంకుల ఇళ్ళల్లో మట్టిగోడలు, మూలకు వడ్ల బస్తాలు, నులకమంచం, దాని మీద బొంత. శబ్దం ఎక్కడికక్కడ ఆగేది. ఇప్పటి స్లాబు ఇళ్ళల్లో కింద నున్నటి టైల్సు, చుట్టూ సిమెంటు గోడలు, కిటికీకి అద్దం. చప్పట్లు కొడితే గణగణమంటుంది. అట్లాంటి అర్రలో ఎంత మంచి స్పీకరు పెట్టినా ఎస్. జానకి గొంతు రెండుగా వినపడుతుంది. వేలు పోసి స్పీకరు మార్చేముందు కింద ఒక జంఖానా పరిచి, కిటికీకి మందపు గుడ్డ వేలాడదీసి వినండి. అమ్మమ్మల బొంతలు ఉంటే ఇంకా మంచిది.

ఎర్ర తీగ, నల్ల తీగ అటూ ఇటూ కాకుండా చూసుకోవడం కూడా మేం చెప్పాల్సి వస్తోంది. ఒక పెట్టెకు సరిగ్గా, ఒక పెట్టెకు తిరగేసి బిగిస్తే రెండు కోనులు ఒకటి ముందుకు తోస్తే ఒకటి వెనక్కి గుంజుతుంది, మంద్రం మాయమైపోతుంది. పాత తెలుగు సినిమా రికార్డులు చాలామటుకు మోనో, రెండు పక్కలా ఒకే శబ్దం. పరీక్షకు అవే దొడ్డవి. ఘంటసాల పాట పెట్టి రెండు పెట్టెలకు నడుమ కూర్చోండి. గొంతు సరిగ్గా నడుమనుంచి వస్తే తీగలు సరిగ్గా ఉన్నట్టు. ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా చెవుల చుట్టూ తిరిగితే ఒక పెట్టె తీగలు మార్చండి. 

కరెంటు మోత కూడా అంతే. పాట లేనప్పుడు గుయ్యిమని వస్తుంటే టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్న పచ్చతీగనో నల్లతీగనో రిసీవరు వెనక ఉన్న మరకు బిగించాలి. అట్లాంటి తీగ లేని మిషన్లున్నాయి, వాటికి పేచీ లేదు. అయినా మోత పోలేదంటే ఇంటి ఎర్తింగు చూడాలి. మా రోజుల్లో గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు పోసి, ఎండాకాలంలో నీళ్ళు పోసేవాళ్ళం. ఇప్పుడు ఇంటి ముందు గజం మట్టి మిగలకుండా సిమెంటు పోస్తున్నారు, ఎర్తింగు ఎక్కడుందో ఇంటి ఓనరుకే తెలియదు.

మా దిక్కు రికార్డులను చంపింది దుబాయి. తప్పుగా అనుకోకండి, నిజమే చెప్తున్నా. మొదట్లో మా పిల్లలు బొంబాయి, భీమండి పోయేవాళ్ళు. సెలవుకొస్తే రికార్డులు తెచ్చేవాళ్ళు, చోర్ బజారులో కొన్న ప్లేయర్లు తెచ్చేవాళ్ళు. డెబ్బైల నుంచి గల్ఫు దారి పట్టారు. ఇక జగిత్యాల బస్టాండులో దిగే ప్రతివాడి భుజాన నేషనల్ పానాసోనిక్ టూ ఇన్ వన్. రేడియోకు రేడియో, క్యాసెట్టుకు క్యాసెట్టు, సెల్లులు వేస్తే పొలం కాడ కూడా పాడుతుంది. మైక్ సెట్టు కాడికి వచ్చి "శంకరాభరణం" పాటలు వేయమని అడిగేవాళ్ళు తగ్గిపోయారు, ఇంట్లోనే క్యాసెట్టు ఉంది మరి. మెల్లమెల్లగా రికార్డులు కొనడం ఆపేశాం.

కానీ ఆ దుబాయి పెట్టెలే ఇప్పుడు ఈ పిల్లలకు అక్కరకొస్తాయి. కొంచెం పైసలున్నవాళ్ళు ఎనభైల్లో సోనీ, అకాయ్, పయనీర్ డెక్కులు తెచ్చారు. పెద్ద పెట్టెలు, విడి రిసీవర్లు. సారంగాపూర్, రాయికల్, కోరుట్ల దిక్కు అటకల మీద ఇంకా పడి ఉన్నాయి, తుడిచేవాళ్ళు లేక. వాటిలో చాలావాటి వెనక ఫోనో రంధ్రాలున్నాయి. ఇప్పుడు అట్లాంటి బరువైన ట్రాన్స్‌ఫార్మరు వేసి చేసే రిసీవరు కొనాలంటే జీతం పోతుంది. అయితే దించంగనే కరెంటు పెట్టకండి. వెనక వోల్టేజీ మర ఉంటే 110 మీద ఉందో 220 మీద ఉందో చూడండి. వాల్యూము మీట తిప్పితే కరకరమంటే లోపల దుమ్ము, మెకానిక్ శుభ్రం చేస్తాడు. స్పీకరు జాలీ తీసి కోన్ చుట్టూ ఉన్న అంచును వేలితో ముట్టండి. స్పాంజి అంచయితే ఈపాటికి పొడిపొడిగా రాలుతుంది, దాన్ని మార్పించాలి. రబ్బరుదో, మడత గుడ్డదో అయితే ఇంకా బతికే ఉంటుంది. ఎక్కడా కాలిన వాసన రాకపోతే చాలు, మిగతాదంతా బాగుచేయించుకోవచ్చు.

మా మనుమడికి చివరికి చెప్పింది ఇదే. మూడు వేలకు డబ్బా కొనకు. ఇంకో రెండు నెలలు ఆగి టర్న్‌టేబుల్‌కు పెట్టినంత స్పీకర్లకు పెట్టు. అంత ఆగలేకపోతే దసరాకు ఊరికి రా, మీ చిన్నతాత దుబాయి నుంచి తెచ్చిన రిసీవరు అటక మీద ఉంది, దించుదాం.

మిగతా తల్లిదండ్రులకూ తాతలకూ ఒక మనవి. పాత రేడియోలు, డెక్కులు, ఆ పెద్ద పెట్టెలు తూకానికి అమ్మేముందు ఒక్కసారి పిల్లలకు ఫోన్ చేసి అడగండి. కొత్తవే కొంటామనే పిల్లలకు ఇంకొకటి. దుకాణానికి పోయేటప్పుడు బాగా తెలిసిన రికార్డు ఒకటి చంకలో పెట్టుకుపోండి. దాన్నే వాయించి వినిపించమనండి. వినిపించబోమన్న దుకాణంలో కొనకండి, పక్క దుకాణానికి పోండి.